పావుగంట ఎండ

బ్లేడుతో అద్దం గీకుతున్న చప్పుడు చెవిన పడేసరికి మేస్త్రికి పళ్లు జివ్వుమన్నాయి.

ఆయన వచ్చిన పని వేరు. చంకలో ఒక ఫైలు, ఫైలులో డాక్టరు రాసిచ్చిన ఉత్తరం, దాని మీద కూతురి తరఫున ఒక అర్జీ. కూడలిలో పెద్ద గొడుగు కింద కూర్చున్న ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకి ఆ కాగితాలు అందించి, నాలుగు మాటలు వినయంగా చెప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోవాలి. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో ఇంటి దగ్గర నుంచి వల్లె వేసుకుంటూ వచ్చాడు. తీరా ఆ చప్పుడు వినేసరికి వల్లె వేసినదంతా గాలికి పోయింది.

రోడ్డు వారగా ఆపిన తెల్ల కారులో, వెనక సీటు మీద మోకాళ్లు ఆనించి, బొద్దుమీసాల కానిస్టేబుల్ ఒకడు గడ్డం గీసుకునే బ్లేడుతో వెనక అద్దం మీది ఫిల్మును గీకుతున్నాడు. ఫిల్ము పీలికలుగా ఊడుతోంది. ఊడిన చోటల్లా జిగురు బంకబంకగా మిగిలిపోతోంది. కానిస్టేబుల్ చెమటతో తడిసి ముద్దయ్యాడు. కారు యజమాని పక్కన నిలబడి, సొంత వీపు మీదే బ్లేడు పడుతున్నట్టు మొహం పెట్టాడు.

"ఆగు బాబూ, ఆగు! ఆ సన్నటి తీగలు చూశావా? మంచు పట్టినప్పుడు అద్దాన్ని వేడి చేసేవి అవే. అవి తెగితే అద్దం మొత్తం మార్చుకోవాలి!" అని అరిచేశాడు మేస్త్రి.

అరిచాక గాని అరిచింది పోలీసు మీదని గుర్తు రాలేదు. కానిస్టేబుల్ తల బయటపెట్టి చూశాడు. కోపం రావలసిన మొహమే గాని, దానికి కూడా ఓపిక లేనట్టుంది.

"అంత తెలిసినవాడివి నువ్వే చెయ్యి మరి," అన్నాడు.

మేస్త్రి ఫైలు కారు బానెట్టు మీద పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్లు కారు అద్దాలకి ఫిల్ము వేసిన చేతులు అవి. నెల క్రితం కొత్త రూలు వచ్చింది. కార్లలో దాక్కుని దొంగలు తిరుగుతున్నారు కాబట్టి ఏ కారు అద్దానికీ ఏ రకం ఫిల్మూ ఉండకూడదన్నారు. ఆ వారమే ఫిల్ము దుకాణాలన్నిటికీ తాళాలు పడ్డాయి, ఆయన దానితో సహా. నెల రోజులుగా చేతులు పని లేక దురద పెడుతున్నాయి. బ్లేడు లాక్కుని అవతల పారేశాడు.

బక్కెట్టులో సబ్బు నీళ్లు కలిపించాడు. పక్కనున్న సిమెంటు దుకాణం నుంచి నల్ల ప్లాస్టిక్ పట్టా ఒక ముక్క అడిగి తెచ్చాడు. కారుని ముందుకీ వెనక్కీ నడిపించి, వెనక అద్దం సరిగ్గా సూర్యుడికి ఎదురుగా వచ్చేలా ఆపించాడు. అద్దం బయటివైపు నీళ్లు చల్లి, పట్టాని ముడత లేకుండా అతికించి, చేతులు దులుపుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు బొద్దుమీసం.

"ఏమీ చెయ్యకూడదు. పావుగంట. ఎండే చేస్తుంది."

"ఎండా?"

"నలుపు ఎండని తాగుతుంది. అద్దం కాగుతుంది. లోపల జిగురు మెత్తబడుతుంది. మధ్యలో ఎత్తి చూశావో, అంతా మొదటికొస్తుంది."

పావుగంట అయ్యాక కారులోకి దూరి, ఎడమ కింది మూల గోరుతో మెల్లగా లేపి, అద్దానికి దాదాపు ఆనించి లాగాడు. ఫిల్ము మొత్తం ఒక్క ముక్కగా, పాము కుబుసంలా వచ్చేసింది. మిగిలిన కాస్త జిగురు తడిగుడ్డకే పోయింది. యజమాని అద్దం మీద వేలు రాసి చూసుకుని, జరిమానా కట్టినవాడు అయివుండి కూడా దండం పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నుంచి లేచి వచ్చాడు. ఫైలు తెరిచి నిలబడే చదివాడు.

"మీ అమ్మాయికి ఎండ పడదా?"

"పది నిమిషాలు పడితే చర్మం పొంగిపోతుంది సార్. పుండ్లు పడతాయి. కార్లో వేసింది నల్లది కూడా కాదు, తెల్ల ఫిల్ము. లోపల మనిషి నవ్వినా బయటికి కనిపిస్తుంది. ఎండలో చర్మాన్ని కాల్చేదాన్ని మాత్రమే ఆపుతుంది."

"తెల్లదైనా ఫిల్ము ఫిల్మే కదా." ఆయన ఫైలు మూశాడు. మాటలో చెడ్డతనం ఏమీ లేదు, రూలులో ఉన్నది అప్పజెప్పాడు అంతే. "మినహాయింపు పై ఆఫీసు ఇవ్వాలి. నేను రాసి పంపిస్తా. నువ్వు ఒక పని చెయ్యి మేస్త్రీ. మావాళ్లు గీకి గీకి అద్దాలు పాడుచేస్తున్నారని రోజూ ఫిర్యాదులు. నాలుగు రోజులు వచ్చి ఈ పద్ధతి నేర్పు. నీ కాగితం సంగతి నేను చూసుకుంటా."

మేస్త్రి సరేనన్నాడు. కాగితం కోసమే అన్నానని దారిపొడుగునా తనకు తను చెప్పుకున్నాడు. కాని ఆ ఫిల్ము ఒక్క ముక్కగా ఊడి వచ్చినప్పుడు గుండెల్లో పొంగిన సంతోషానికీ కాగితానికీ ఏ సంబంధమూ లేదని ఆయనకి తెలుసు.

ఇంటి దగ్గర ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. అక్కకి చెప్పాడు. మేస్త్రి అక్క నోరు మంచిదని వీధిలో ఎవరూ అనరు.

"ఇన్నేళ్లూ ఊళ్లో కార్లన్నిటికీ చొక్కాలు తొడిగావు, ఇప్పుడు నిలబెట్టి విప్పుతున్నావా? సిగ్గు లేకపోతే సరి," అంది.

"పిల్ల కాగితం కోసమే అక్కా."

"కాగితం వస్తే నా నోట్లో చక్కెర పోద్దువుగాని. అప్పటిదాకా నాకు కారమే."

కూతురు ఆరు గంటలకి వచ్చింది. కారు వాకిట్లో ఆగిన చప్పుడుతో పాటు ఆమె పాట కూడా వినిపించింది. పిల్లల ఆసుపత్రిలో పాత రికార్డులు సర్దే ఉద్యోగం ఆమెది. ఆ గదికి కిటికీ లేదు. కిటికీ లేని గది దొరికిందని ఎగిరి గంతేసిన ఉద్యోగస్తురాలు బహుశా లోకంలో ఆమె ఒక్కతే. చేరి ఐదు నెలలయింది. అంతకుముందు పొద్దుగూకితే తప్ప గడప దాటని పిల్ల ఇప్పుడు రోజూ ఇంటికొచ్చి దారిలో చూసినవన్నీ వరసగా చెబుతుంది. మూతి కాలిన కుక్క, గొడవపడుతున్న పూలవాళ్లు, సైకిలు మీద మంచం మోసుకుపోతున్న మనిషి, ఏదైనా సరే. పట్టపగటి వెలుగులో చూసింది కాబట్టి ప్రతిదీ చెప్పుకోదగ్గదే ఆమెకి.

"నాన్నా, పెద్ద కూడలిలో తనిఖీ చేస్తున్నారట."

"నువ్వు అటు పోకు అమ్మడూ. వంతెన మీదుగా వెళ్లు. అక్కడ ఎవరూ ఆపడం లేదు. నాలుగు రోజుల్లో కాగితం వచ్చేస్తుంది."

"చుట్టుదారి కదా."

"చుట్టయితే ఏం, ఇంకో నాలుగు కుక్కలు కనబడతాయి."

ఆమె నవ్వింది.

రెండో రోజుకి కూడలి రూపే మారిపోయింది. మేస్త్రి చెప్పినట్టు ఆపిన కార్లన్నీ ఏటవాలుగా, ఒకే దిక్కుకి, సూర్యుడికి ఎదురుగా వరసకట్టాయి. పది కార్లకీ ఒకేసారి నల్ల పట్టాలు. పది మందీ దిగి రోడ్డు మీద నిలబడితే, పావుగంటలో పదీ పండేవి. బ్లేడుతో పొద్దంతా గీకి ముగించే పనిని కానిస్టేబుళ్లు టీ తాగుతూ ముగిస్తున్నారు. అందరిలోకీ బొద్దుమీసానికి పని అబ్బింది. మొరటు చేతులే గాని ఓపిక ఉంది. మొదట్లో రెండుసార్లు పట్టా అంచు ఎత్తి తొంగిచూడబోతే, మేస్త్రి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.

"ఎన్ని నిమిషాలు?"

"పన్నెండు అయింది మేస్త్రిగారూ."

"పన్నెండుకి ఊడేదైతే పావుగంట అని ఎందుకు చెబుతాను? ఒక్క నిమిషం తగ్గినా జిగురు అద్దం మీదే ఉండిపోతుంది. యజమాని ఎంత గోల పెట్టినా నువ్వు కదలకు. అతని మంచికే అని చెప్పు."

"అతని మంచికే," అని బొద్దుమీసం బుద్ధిగా అప్పజెప్పాడు.

మధ్యాహ్నం ఒక పొడుగాటి కారు వచ్చింది. అద్దాలు కాటుక నలుపు, లోపల మనిషి ఉన్నాడో లేదో కూడా తెలియదు. బొద్దుమీసం కొత్త ఉత్సాహంతో చెయ్యి ఎత్తబోతే, ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యి దించి, తన చెయ్యి ఎత్తి సలాము కొట్టాడు. కారు ఆగకుండానే పోయింది.

"అది ఫిల్ము కాదు. అద్దమే నలుపు. ఫ్యాక్టరీలోనే అలా పోత పోసి ఇస్తారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఎవరూ అడగకుండానే. "రూలు అతికించిన దాని మీద గాని నలుపు మీద కాదు."

 మేస్త్రికి కూతురి కారు తెల్ల ఫిల్ము గుర్తొచ్చింది. దాని వెనకాల ఆమె నవ్వు కూడా కనిపిస్తుంది. వచ్చిన కోపాన్ని దిగమింగాడు. కాగితం రావాలి కదా.

మూడో రోజు ఒక పెద్దాయన కారు వచ్చింది. కారు కూడా పెద్దాయనంత పాతది. వెనక అద్దం ఊదారంగుకి తిరిగి, నిండా బుడగలతో, తట్టు పోసినట్టుంది. మేస్త్రి పట్టా వేసి, పావుగంట నిలబడి, మూల లేపాడు. పై పొర వచ్చింది గాని కింద ఇంకో పొర ఉంది.

"ఇదేంటి మేస్త్రిగారూ, ఉల్లిపాయలా ఉంది!" అన్నాడు బొద్దుమీసం.

మేస్త్రి సీటు మీద కూలబడ్డాడు. పై పొర వెలుగుకి పెట్టి చూపించాడు. "ఇందులో లోహం ఉంది, మెరుస్తోంది చూడు. ఇది వచ్చిన కొత్తల్లో కార్లో రేడియో గరగరమనేది. ఇంజను పాడయిందనుకుని మెకానిక్కుల చుట్టూ తిరిగేవాళ్లు జనం."

"మరి ఆ ఊదా రంగుది?"

"దానికి ముందుది. ఉత్త రంగద్దకం. వేసినప్పుడు నల్లగానే ఉంటుంది. రెండు మూడేళ్లు ఎండ తిని ఇలా ఊదా అవుతుంది. అప్పుడు జనం మమ్మల్ని తిట్టేవారు. మేం ఎండని తిట్టేవాళ్లం."

రెండో పొరకి కూడా పట్టా వేయవలసి వచ్చింది. అది ఊడాక అద్దం ఇంకా తేటపడలేదు. పొగచూరినట్టు, పై నుంచి కిందికి పలచగా చారలు. మేస్త్రి వేలితో ఆ చారలు తడిమాడు. ఫిల్ము అనేదే పుట్టని రోజుల్లో, తన గురువు రంగు నీళ్లు పిచికారీ కొట్టి ఆరబెట్టిన పూత అది. ఆయన ఎన్నడూ చారలు లేకుండా కొట్టలేకపోయాడు. కొట్టలేనని ఒప్పుకోనూ లేదు. చెట్టు నీడలో కూడా చారలుంటాయిరా అనేవాడు.

"పై రెండూ నేను వేసినవే," అన్నాడు మేస్త్రి. ఊడిన రెండు పొరలకీ ఎడమ కింది మూలలో, గోటితో నొక్కినంత చిన్న నెలవంక కోత ఉంది. "అది నా గుర్తు. నా చేతిలో పడిన ప్రతి అద్దానికీ ఉంటుంది. ఎక్కడ కనబడినా నా పని నాకు తెలియాలని."

బొద్దుమీసం ఆ నెలవంకని చాలాసేపు చూశాడు. "ఇది మంచి ఉపాయం మేస్త్రిగారూ. ఇది ఉన్న మూల తొందరగా లేస్తుంది కూడా. ఇక నుంచి మొదట దీనికోసమే వెతుకుతాను."

పిచికారీ పూత ఎండకి లొంగలేదు. పలచటి రసాయనంతో మేస్త్రి తనే తుడిచాడు. మూడు కాలాలూ పోయి, నలభై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ అద్దంలోంచి రోడ్డు స్పష్టంగా కనిపించింది. పెద్దాయన మాత్రం తన కారుని తనే గుర్తుపట్టనట్టు చుట్టూ తిరిగి చూసుకున్నాడు. మేస్త్రికి ఏడుపొచ్చింది. బాగా చేశానన్న తృప్తి ఆ ఏడుపులోనే ఉంది. దానికి ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు మేస్త్రి భుజం తట్టాడు. "నీ శిష్యులు ఆరితేరారు. రేపటి నుంచి వీళ్లని తలో చోటికీ పంపుతున్నా. ఇక ఒక్క ఫిర్యాదు వస్తే ఒట్టు. నువ్వు రేపు పొద్దున పై ఆఫీసుకి వెళ్లు. నీ కాగితం వచ్చి ఉంటుంది."

తలో చోటు అంటే ఎక్కడెక్కడని మేస్త్రి అడగలేదు. కాగితం అన్న మాట విన్నాక ఆయన చెవికి ఇంకో మాట ఎక్కలేదు. బొద్దుమీసం వచ్చి రెండు చేతులూ పట్టుకుని, "మీ పేరు నిలబెడతాను మేస్త్రిగారూ," అన్నాడు. "నిలబెట్టు నాయనా," అన్నాడు మేస్త్రి.

నాలుగో రోజు పై ఆఫీసులో పొద్దున తొమ్మిది నుంచి బల్ల మీద కూర్చోబెట్టారు. పదకొండు దాటాక ఒక గుమాస్తా పిలిచి ఫైలు చేతిలో పెట్టాడు. డాక్టరు ఉత్తరం సరిపోయింది. ఇన్‌స్పెక్టరు సిఫారసు కూడా ఉంది, మాట తప్పలేదాయన. చివర ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి ఉంది. ఫిల్ము వేసిన దుకాణం ప్రస్తుత లైసెన్సు జతచేసి మళ్లీ పంపవలెను.

"ఆ దుకాణం నాదే సార్. నెల క్రితం మీరే లైసెన్సు రద్దు చేశారు."

"అయితే వేరే దుకాణంది పెట్టండి."

"అన్ని దుకాణాలూ రద్దు చేశారు కదా సార్."

గుమాస్తా ఆ వాక్యం మళ్లీ చదివాడు. నిజంగానే ఆలోచించాడు. "అవును కదా," అన్నాడు చివరికి, జాలిగానే. తర్వాత మేస్త్రి వెనకాల నిలబడిన మనిషి చేతిలోని ఫైలు అందుకున్నాడు.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి వాకిట్లో కారు ఉంది. పట్టపగలు పన్నెండున్నరకి. వేపచెట్టు నీడలో నిలబడిన కారు అద్దాలు, అప్పుడే కడిగి బోర్లించిన గాజు గ్లాసుల్లా ఉన్నాయి. ఆయన అటు ఒక్కసారే చూసి లోపలికి పరుగెత్తాడు.

తలుపులు మూసిన గదిలో కూతురు పడుకుని ఉంది. అక్క పక్కన కూర్చుని తడిగుడ్డ పిండి వేస్తోంది. ఆ మనిషి నోట ఒక్క మాటయినా రావడం లేదు.  పిల్ల బుగ్గలు, నుదురు ఎర్రగా పొంగాయి. కనురెప్పలు వాచి కళ్లు గీతల్లా ఉన్నాయి. చేతుల వెనక అప్పుడే బొబ్బలు తేలుతున్నాయి.

"ఎక్కడ తల్లీ?"

"వంతెన దగ్గర. ఇవాళే మొదలుపెట్టారట నాన్నా."

"కాగితం పై ఆఫీసులో ఉందని చెప్పలేదా?"

"చెప్పాను. వచ్చాక మళ్లీ వేయించుకోండమ్మా అన్నారు. మర్యాదగానే అన్నారు."

"కార్లోనే కూర్చోవలసింది!"

"తలుపులు తీసిపెట్టాలట. అందర్నీ దిగమన్నారు." ఆమె ఒక్కొక్క మాటా పెదవులు కదలకుండా పలుకుతోంది. "వంతెన మీద నీడెక్కడిది? ఒక బొద్దుమీసాలాయన, చాలా మంచివాడు నాన్నా, తన టోపీ తీసి నాకిచ్చాడు. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, ఇక తీసెయ్యండి, గీకినా పరవాలేదు, నేను వెళ్లాలి అన్నాను. మీ మంచికేనమ్మా అన్నాడు. పావుగంటకి ఒక్క నిమిషం తగ్గినా మా మేస్త్రిగారు ఒప్పుకోరు అన్నాడు."

అక్క గుడ్డ పిండడం ఆపింది. నీళ్లు చుక్కచుక్కగా గిన్నెలో పడుతున్నాయి.

"నువ్వేమన్నావు?" అన్నాడు మేస్త్రి. 

"ఏమంటాను? నిలబడ్డాను. మూలలో నెలవంక చూసి ఎంత సంతోషపడ్డాడో. ఇది కూడా మా మేస్త్రిగారి పనే అని మిగతావాళ్లని పిలిచి చూపించాడు. నేను నీ కూతుర్నని చెప్పలేదు నాన్నా. చెబితే పాపం బాధపడతాడని."

మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. బొబ్బలు చూసి వెనక్కి తీసుకున్నాడు. ఎర్ర సిరా కాగితం జేబులో ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. లేచి బయటికొచ్చాడు.

కారు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. డ్రైవరు పక్క అద్దం మీద బొటనవేలి గోరు పెట్టి, అంచు వెంబడి మెల్లగా నడిపించాడు. జిగురు లేదు. మూలల్లో వేలు పెట్టి రుద్దాడు. లేదు. వెనక తలుపు అద్దాన్ని ఓరగా, వెలుగుకి అడ్డంగా చూశాడు. వెనక అద్దం తీగలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఒక్కటైనా తెగి ఉంటే, ఒక్క మూలయినా గీసుకుపోయి ఉంటే, ఎవరినో ఒకరిని తిట్టుకుని ఏడ్చేవాడు.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?" గది లోపలి నుంచి, మూసిన తలుపు వెనక నుంచి, అద్దం మీద గోటి చప్పుడు విని అడిగింది కూతురు.

"గీతలు పడ్డాయేమోనని."

"ఒక్కటి కూడా పడలేదు. నేనూ చూశాను."

మేస్త్రి మళ్లీ మొదటి అద్దం దగ్గరికొచ్చి, గోరు అంచున పెట్టి, మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాడు.